మొరాయించిన ట్రాక్టరు: మన చేతిలో ఉన్నదెంత, మనం అడగాల్సిందెంత

2023 డిసెంబరు మొదటి వారాన్ని డెల్టా రైతులెవరూ మరిచిపోలేరు. మిచౌంగ్ తుపాను ఐదో తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి రెండు రోజుల ముందు నుంచే ముసురు పట్టింది. కోసిన పనలు చేలోనే ఉన్నాయి. నూర్చిన ధాన్యం రోడ్ల మీద, కల్లాల్లో ఉంది. బస్తాలకెత్తి ఇంటికో మిల్లుకో చేర్చుకుందామని ఊరూరా ట్రాక్టర్ల కోసం పరుగులు పెట్టారు.

ఆ రాత్రి మా ఊళ్లో ఒక కౌలు రైతు ట్రాక్టరు స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, ఆయన అప్పటికే వేరే ఊళ్లో ఇంకో ట్రాక్టరు కింద ఉన్నాడు. బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొట్టాం. ఇంకో ట్రాక్టరు తెచ్చి లాగించాం. కదల్లేదు. తెల్లవారాక మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తాడు. డీజిల్ పంపు పక్కనున్న చిన్న లివరును బొటనవేలితో వెనక్కి నెట్టి, వేరే బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టమన్నాడు. మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. ఇంజను ఆపడానికి లాగే స్టాప్ కేబుల్ తుప్పు పట్టి సగంలో ఇరుక్కుంది. లివరు ఆపిన చోటే ఉండిపోయింది. అంతే జరిగింది. అప్పటికి ఆ రైతు ధాన్యం మూడొంతులు తడిసిపోయింది.

ఇందులో మెకానిక్ తప్పేమీ లేదు. ఆ లివరు సంగతి అక్కడున్న పదిమందిలో ఒక్కరికీ తెలియకపోవడమే తప్పు. ట్రాక్టరు అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. మేమూ ఎవర్నీ అడగలేదు. ఎరువు ధర గురించి, మద్దతు ధర గురించి, కాలవ నీళ్ల గురించి కొట్లాడే మనం, ఇంటి ముందున్న ఇంత ఖరీదైన యంత్రం ఎందుకు ఆగిందో తెలుసుకోవడం మెకానిక్ పని అని వదిలేశాం. ఇది మారాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. బ్యారేజీ నుంచి నీళ్లు వదిలిన కొద్దిరోజుల్లోనే ఊరంతా దమ్ములకు దిగుతుంది. కోతల్లోనూ అంతే. అందరికీ ఒకేసారి ట్రాక్టరు కావాలి, అందరికీ ఒకేసారి మెకానిక్ కావాలి. ఆ పదిహేను రోజుల్లో ఒక పూట పోతే వచ్చే నష్టం మెకానిక్ కూలితో తేలేది కాదు.

ఆరడమూ, అందుకోవడమూ ఒకచోటే

డీజిల్ ఇంజనుకు పెట్రోలు బండికి ఉన్నట్టు ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. కాబట్టి స్టార్ట్ కావడానికి మూడే కావాలి: ఇంజను తగినంత వేగంగా తిరగాలి, గాలి అందాలి, డీజిల్ అందాలి. ఆగాలంటే మాత్రం మామూలుగా ఒకటే దారి, డీజిల్ ఆగిపోవాలి. పాత ట్రాక్టర్లలో తాళం తీసేసినా ఇంజను తిరుగుతూనే ఉండేది ఇందుకే. తాళం కరెంటుకు, స్టాప్ నాబ్ డీజిల్‌కు.

అందుకే స్టార్ట్ కాని జబ్బు, ఆగని జబ్బు చాలాసార్లు ఒకే చోట ఉంటాయి. స్టాప్ కేబుల్ వెనక్కి రాకపోతే స్టార్ట్ కాదు. పూర్తిగా లాగకపోతే ఆగదు. ఇంజను అందుకోనప్పుడు ఫిల్టర్లు విప్పకముందే ఆ లివరును చూడండి. ఒకరు సీటు దగ్గర నాబ్ లాగి వదులుతుంటే ఇంకొకరు పంపు దగ్గర లివరు ఈ చివర నుంచి ఆ చివరకు కదులుతోందో లేదో గమనించాలి. దమ్ముల ముందు ఒకసారి, కోతల ముందు ఒకసారి కేబుల్ గొట్టంలోకి నాలుగు చుక్కల పల్చటి ఆయిల్ వదలండి. గొట్టం చిట్లి తీగ బయటపడితే కొత్తది వేయించండి. ఇది పెద్ద ఖర్చేమీ కాదు.

కొంచెం కొత్త ట్రాక్టర్లలో కేబుల్ బదులు సొలెనాయిడ్ ఉంటుంది. తాళం వేయగానే పంపు దగ్గర ‘టక్’మని చప్పుడు వస్తుందే, అదే. వీటిలో రెండు రకాలున్నాయి. కరెంటు ఉన్నంతసేపూ డీజిల్ వదిలేది ఒకటి. కరెంటు అందినప్పుడు డీజిల్ ఆపేది రెండోది. మొదటి రకంలో ఫ్యూజు పోయినా, వైరు తెగినా నడుస్తున్న ట్రాక్టరు చేలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. రెండో రకంలో అదే ఫ్యూజు పోతే తాళం తీసినా ఇంజను ఆగదు. మీ ట్రాక్టరు ఏ రకమో ఈరోజే తెలుసుకోండి.

పరీక్ష సులువు. తాళం తిప్పి టక్కుమనే చప్పుడు వినండి. రాకపోతే 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి సొలెనాయిడ్ టెర్మినల్‌కు, ఇంకొకటి ఇంజను బాడీకి ఆనించండి. తాళం వేసి ఉండగా బల్బు వెలిగి కూడా చప్పుడు లేకపోతే సొలెనాయిడ్ పోయినట్టో, దానికి కట్టిన లింకు బురదకు బిగిసినట్టో అనుకోవాలి. రెండో రకంలో తాళం తీసినప్పుడే ఇదంతా చూడాలి. బల్బు వెలగకపోతే జబ్బు సొలెనాయిడ్‌ది కాదు. ఫ్యూజు, రిలే, తాళం స్విచ్చి, వైర్లు చూడాలి. ఫ్యూజు పోయినందుకు సొలెనాయిడ్ కొనిపించుకున్న రైతులు మన సభ్యుల్లోనే ఉన్నారు.

పొగ చెప్పే మాట వినండి

సెల్ఫ్ కొట్టినప్పుడు ఒకరు సైలెన్సరు వైపు చూస్తూ ఉండాలి. ఇంజను బాగానే తిరుగుతున్నా పొగ అసలు రాకపోతే లోపలికి డీజిల్ వెళ్లడం లేదు. స్టాప్ లివరు, సొలెనాయిడ్, ట్యాంకు కింది ట్యాపు, ఫిల్టరు, గాలి పట్టడం, వీటిలోనే ఏదో ఒకటి. తెల్లటి పొగ వస్తూ అందుకోకపోతే డీజిల్ వెళ్తోంది గాని కాలడం లేదు. బ్యాటరీ బలం చాలక ఇంజను నెమ్మదిగా తిరగడం, గాలి ఫిల్టరు మూసుకుపోవడం, డీజిల్‌లో నీళ్లు, నాజిళ్లు చెడిపోవడం, కంప్రెషన్ తగ్గడం కారణాలు. ‘చలికాలం కదా’ అని సరిపెట్టుకోకండి. మన డెల్టాలో అంత చలి ఎక్కడుంది? ధనుర్మాసపు మంచుకే రోజూ మొరాయిస్తోందంటే ఇంజనులో జబ్బు మొదలైందని అర్థం.

అసలు సెల్ఫే తిరగకపోతే హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మందగిస్తే బ్యాటరీ బలం లేదు, లేదా టెర్మినళ్ల దగ్గర పట్టు లేదు. తెల్లబూజు గీకి, వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించి గ్రీజు రాయండి. ఇంజనుకు బిగించిన ఎర్తు వైరు చివర కూడా ఇలాగే చూడాలి. దమ్ములో తడిసి తుప్పు పట్టేది అదే, మనం చూడనిదీ అదే. లైట్లు తగ్గకుండా సెల్ఫ్ పలక్కపోతే కరెంటు సెల్ఫ్ మోటారు దాకా వెళ్లడం లేదు. గేరు న్యూట్రల్‌లో ఉందా, క్లచ్ పూర్తిగా తొక్కారా, పి.టి.ఓ. లివరు ఆఫ్‌లో ఉందా చూసుకోండి. అవి సరిగా లేకపోతే సెల్ఫ్ పలకకుండా కంపెనీవాళ్లే స్విచ్చి పెడతారు.

ఒక్కసారికి పది పదిహేను సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ కొట్టండి. కారణం వెతక్కుండా సెల్ఫ్ కొడుతూపోతే బ్యాటరీ, మోటారు రెండూ పోతాయి. ఆ రాత్రి మేం చేసింది సరిగ్గా అదే.

నీళ్లు, గాలి, మూత

డీజిల్ దారిలో మన ప్రాంతపు ట్రాక్టరును ఏడిపించేవి నీళ్లు, గాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి లోపలి తేమ నీటిబొట్లుగా మారి అడుక్కు చేరుతుంది. అందుకే పని ముగిశాక సాయంత్రమే డీజిల్ నింపుకోవాలి, పొద్దున కాదు. డ్రమ్ములో నిల్వ ఉంచితే కదపకుండా ఒక రాత్రి నిలవనిచ్చి, అడుగు డీజిల్ వదిలేసి పైది తీసుకోవాలి. ఫిల్టరు కింద నీళ్లు దిగే గిన్నెకు బోల్టు ఉంటుంది. దమ్ముల రోజుల్లో దాన్ని రోజూ వదులు చేసి, నీళ్లు పోయి డీజిల్ వచ్చేదాకా చూసి బిగించాలి.

ట్రాక్టరు బాగా నడిచి అరగంటకు ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతోందా? ట్యాంకు మూత విప్పి చూడండి. మూతకు ఉండే సన్నటి గాలి రంధ్రం బురదతో మూసుకుంటే ట్యాంకులోకి గాలి వెళ్లక డీజిల్ దిగదు. పుల్లతో పొడిస్తే పోయేదానికి పంపు విప్పించుకోకూడదు.

గాలి పట్టడం సంగతీ తెలిసి ఉండాలి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినా, ఫిల్టరు మార్చినా, రబ్బరు పైపు పగిలినా, రాగి వాషరు అరిగినా లోపలికి గాలి చేరుతుంది. డీజిల్ బయటకు కారకుండానే గాలి లోపలికి పీల్చుకోగలదని గుర్తుంచుకోండి. తీసే పద్ధతి ఇది. ఫిల్టరు పైనున్న గాలి స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీద చేతితో కొట్టే మీట ఆడించాలి. బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చాక స్క్రూ బిగించాలి. రెండు ఫిల్టర్లుంటే ట్యాంకు వైపుది ముందు. తర్వాత డీజిల్ పంపు మీది స్క్రూ దగ్గర ఇలాగే చేయాలి. అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ల దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మగానే బిగించాలి. ఆ చిమ్మే చోట వేలు పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నంతే కనిపిస్తుంది గాని లోపల కండరం కుళ్లిపోతుంది. అలా జరిగితే గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లి, డీజిల్ లోపలికి దూసుకుపోయిందని చెప్పాలి.

మునిగిన ట్రాక్టరుకు సెల్ఫ్ కొట్టొద్దు

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ కట్టిన నాటి నుంచి అంత వరద లేదు. ఆ రోజుల్లో మన ట్రాక్టర్లు జనాన్ని మోశాయి, అన్నం పొట్లాలు మోశాయి. నీళ్లలో మునిగిపోయినవీ ఉన్నాయి. వరద తీశాక ఆత్రంగా సెల్ఫ్ కొట్టి ఇంజను పోగొట్టుకోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కలేం. సిలిండర్లో నీళ్లుండగా ఇంజను తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

మునిగిన బండికి ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. ఇంజను ఆయిల్ పుల్ల తీసి చూడాలి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టే. ఇంజను, గేరుబాక్సు ఆయిళ్లు, ట్యాంకులో డీజిల్ అన్నీ దించేసి, ఫిల్టర్లు మార్చాలి. నాజిళ్లు తీయించి ఇంజనును చేత్తో తిప్పించి నీళ్లు పోయాయని రూఢి చేసుకున్నాకే సెల్ఫ్. బీమా ఉంటే విప్పకముందే ఫొటోలు తీసి, కంపెనీకి కబురు పెట్టాలి.

అడ్డదారులు ప్రాణాల మీదికి తెస్తాయి

సెల్ఫ్ పలక్కపోతే కింద నిలబడి, పెద్ద చక్రం ముందు నుంచి వంగి, సెల్ఫ్ మోటారు టెర్మినళ్లకు స్క్రూడ్రైవర్ ఆనించి స్టార్ట్ చేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. ఇలా చేస్తే న్యూట్రల్ స్విచ్చి కాపాడదు. గేరులో ఉన్న ట్రాక్టరు ఒక్క ఉదుటున కదిలి, వంగిన మనిషి మీదికే ఎక్కుతుంది. పనికి పెట్టుకున్న డ్రైవరుతో ఈ పని చేయించే హక్కు ఏ యజమానికీ లేదు. స్విచ్చి పోతే స్విచ్చి వేయించండి.

బ్యాటరీ కొనలేక ట్రాక్టరును కాలవ గట్టు వాలులో పెట్టి, పొద్దున దొర్లించి స్టార్ట్ చేసేవాళ్లూ ఉన్నారు. డెల్టాలో వాలు దొరికేది గట్ల మీదే, గట్టు పక్కనే కాలవ. బ్రేకు అందకపోతే బండీ మనిషీ నీళ్లలోనే.

సొలెనాయిడ్ పాడైతే లోపలి ముక్క పీకేసి నడిపేయడం ఇంకో అడ్డదారి. అప్పుడు తాళంతో ఇంజను ఆగదు. రొటావేటరులో ఎవరి పంచె చిక్కుకుంటే ఏం చేస్తారు? ఇంజను ఆగనప్పుడు మొదట చేయాల్సింది పంపు మీద స్టాప్ లివరును చేత్తో నెట్టడం. అది ఎక్కడుందో డ్రైవరుకు, ఇంట్లో పెద్దపిల్లలకు చూపించి, తెల్లరంగు చుక్క పెట్టండి. డీజిల్ ట్యాపు కట్టేసినా కాసేపటికి ఆగుతుంది గాని దాన్ని అలవాటు చేసుకోకూడదు. పంపుకు డీజిలే కందెన, పైగా గాలి పడుతుంది.

ఒక్కోసారి డీజిల్ ఆపినా ఇంజను రొద పెంచుకుంటూ పోతుంది. ఆయిల్‌బాత్ గాలి ఫిల్టరులో గీతకు మించి ఆయిల్ పోసినా, టర్బో సీలు పోయినా ఇంజను ఆయిల్‌ను పీల్చుకుని కాలుస్తుంది. అప్పుడు గాలి పీల్చే గొట్టాన్ని గట్టి చెక్కతో మూయడమే దారి. చెయ్యి గాని, గుడ్డ గాని పెట్టకూడదు. అది కుదరకపోతే దూరంగా జరగండి. ఇంజను పోతే పోనీ.

మనం తాకకూడనివి, మనం అడగాల్సినవి

అన్నీ మనమే చేసేద్దామని మేం చెప్పడం లేదు. పంపు సీలు విప్పడం, నాజిల్ ఒత్తిడి సరిచేయడం మన పని కాదు. వాటికి బెంచీలున్న పనిమంతులు విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నారు. లారీల నుంచి ట్రాక్టర్ల దాకా బతికించిన చేతులవి. మనం లివరు, ఫ్యూజు, మూత, నీళ్లు, గాలి చూసుకుని వెళ్తే వాళ్ల సమయం అసలు జబ్బుకు దక్కుతుంది.

కానీ మనకూ ఆ మెకానిక్‌కూ ఇద్దరికీ దారి మూసుకుపోయే రోజులు వస్తున్నాయి. 2023 జనవరి నుంచి 50 హెచ్.పి. దాటిన కొత్త ట్రాక్టర్లకు కఠినమైన పొగ నిబంధనలు వచ్చాయి. వాటితోపాటు కంప్యూటరు నడిపే కామన్ రైల్ ఇంజన్లూ వచ్చాయి. పొగ తగ్గడం మంచిదే. ఆ పొగ పీల్చేది మనమూ, మన పిల్లలే. అయితే ఆ ఇంజన్లలో పైపు నట్టు పానాతో వదులు చేయకూడదు. లోపలి ఒత్తిడి వెయ్యి బార్లు దాటి ఉంటుంది, ప్రాణాపాయం. జబ్బు ఏమిటో కంప్యూటరు తగిలిస్తేనే తెలుస్తుంది. ఆ కంప్యూటరు, ఆ సాఫ్ట్‌వేరు కంపెనీ చేతిలో ఉంటాయి. దేశంలో అమ్ముడయ్యేవాటిలో ఎక్కువ భాగం ఇంకా 50 హెచ్.పి. లోపువే కాబట్టి మనకింకా కొంత వ్యవధి ఉంది.

అమెరికా రైతులకు ఈ దెబ్బ ముందే తగిలింది. సొంత ట్రాక్టరును సొంతంగా బాగుచేసుకునే హక్కు కోసం వాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాలకు మరమ్మతు హక్కు చట్టం చేసింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇదే విషయమై జాన్ డీర్ కంపెనీపై కోర్టుకెక్కింది. మన దేశంలోనూ కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలను ముందు వరసలో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. పోర్టల్ మంచిదే, కానీ చట్టం కావాలి.

అందుకే మేం అడుగుతున్నవి ఇవి:

1. ప్రతి కొత్త ట్రాక్టరుతో తెలుగులో చేతి పుస్తకం ఇవ్వాలి. గాలి తీసే పద్ధతి, ఫ్యూజుల పటం, సొలెనాయిడ్ ఏ రకమో, చేత్తో ఇంజను ఆపే చోటు బొమ్మలతో చూపాలి.

2. జబ్బు కనిపెట్టే పరికరం, సాఫ్ట్‌వేరు, విడిభాగాలు కంపెనీ షోరూములకే కాక బయటి మెకానిక్‌లకూ సరైన ధరకు అమ్మేలా చట్టం చేయాలి.

3. బయట మరమ్మతు చేయించారన్న ఒక్క సాకుతో వారంటీ తీసేయడాన్ని నిషేధించాలి.

4. ట్రాక్టరు శిక్షణకు మన రాష్ట్రంలో కేంద్ర సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. డెల్టా డ్రైవరు కూలి మానుకుని అంతదూరం పోలేడు. ఘంటసాల, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఏటా దమ్ములకు ముందు రెండు మూడు రోజుల శిక్షణ పెట్టాలి. కౌలు రైతులకు, డ్రైవర్లకు మొదటి చోటివ్వాలి, కూలి నష్టం కట్టివ్వాలి.

5. దమ్ములు, కోతల రోజుల్లో మండలానికొక సంచార మెకానిక్ బండిని రైతు సేవా కేంద్రాల ద్వారా నడపాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం కూర్చోనక్కర్లేదు. ఈ సార్వాకు ముందే ప్రతి గ్రామ కమిటీ ఒక ఆదివారం పొద్దున ఊళ్లో ట్రాక్టర్లన్నీ ఒకచోట చేర్చాలి. నమ్మకమైన మెకానిక్‌ను పిలిచి, కూలి ఇచ్చి, బానెట్లు ఎత్తించి చూపించమనాలి. యజమానులొక్కరే కాదు, డ్రైవర్లు, ఆడవాళ్లు, చదువుకునే పిల్లలు అందరూ రావాలి. ప్రతి ట్రాక్టరు మీదా స్టాప్ లివరుకు తెల్లచుక్క పెట్టాలి. ఒక 12 వోల్టుల బల్బు, రెండు మూడు పానాలు, నాలుగు రాగి వాషర్లు, రెండు ఫ్యూజులు ప్రతి టూల్‌బాక్సులో పెట్టించాలి.

మబ్బు ఆగమంటే ఆగదు. ఈసారి ముసురు పట్టిన రాత్రి మన ఊళ్లో ఏ ట్రాక్టరు మొరాయించినా, బానెట్ ఎత్తి ఆ లివరు మీద వేలు పెట్టగల మనిషి పక్కనే ఉండాలి. ఆ రాత్రి మాకు కరువైంది ఆ ఒక్క మనిషే.